చూసి నేర్చుకోవడం: పరిశీలన, అనుకరణల ద్వారా ప్రవర్తనను అలవరచుకోవడానికి సమగ్ర మార్గదర్శి

మనిషి ప్రవర్తనలో ఎవరూ కూర్చోబెట్టి బోధించని భాగమే ఎక్కువ. పెద్దలతో ఏ స్వరంలో మాట్లాడాలో, ఓడిపోయినప్పుడు ముఖం ఎలా పెట్టుకోవాలో, పని చెడినప్పుడు తప్పు ఒప్పుకోవాలో దాచిపెట్టాలో పిల్లలకు ఎవరూ పాఠంగా చెప్పరు. అయినా చుట్టూ ఉన్నవారిని చూసి అవన్నీ వాళ్లకు పట్టుబడతాయి. పెద్దయ్యాక కొత్త ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో జరిగేదీ ఇదే. చేతికి నియమావళి పుస్తకం ఇస్తారు గానీ, అక్కడ నిజంగా ఎలా మసలుకోవాలో పాతవారిని చూసే తెలుసుకుంటాము. ఈ నేర్చుకోవడం మనం తలచుకున్నా తలచుకోకపోయినా సాగుతూనే ఉంటుంది కాబట్టి, ఎవరి నుంచి ఏది తీసుకోవాలో ఎంచుకోనివారికి మంచితో పాటు చెడు కూడా అంటుకుంటుంది. కావలసిన ప్రవర్తనను ఎరిగి, ఒక క్రమంలో చూసి నేర్చుకోవడం ఎలాగో ఈ మార్గదర్శి వివరిస్తుంది. తమను చూసి ఇతరులు నేర్చుకుంటున్నారని తెలిసిన తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పై ఉద్యోగులు ఏడవ మెట్టును ప్రత్యేకంగా చదవాలి.

వివరణ తెగిపోకుండా ఉండటానికి ఒకే ఉదాహరణను వీలైనంత వరకు వెంట తీసుకువెళ్తాను: కోపంతో ఊగిపోతూ వచ్చిన మనిషితో ప్రశాంతంగా మాట్లాడి, అతని సమస్యను తేల్చి పంపడం. సేవా కేంద్రంలో కూర్చునేవారికి, వైద్యశాలలో పనిచేసేవారికి, బడిలో పాఠం చెప్పేవారికి అందరికీ ఎదురయ్యే పరిస్థితి ఇది. పుస్తకం చదివి నేర్చుకోవడం చాలా కష్టమైన నైపుణ్యం కూడా.

ముందుగా తెలియవలసినది: నేర్చుకోవడం వేరు, చేసి చూపడం వేరు

20వ శతాబ్దపు తొలి సగంలో అభ్యసనాన్ని అధ్యయనం చేసినవారిలో ఎక్కువమంది ఒకే సూత్రాన్ని పట్టుకున్నారు: ప్రాణి ఏదో ఒకటి చేస్తుంది, ఫలితం బాగుంటే మళ్లీ చేస్తుంది, బాగా లేకపోతే మానుకుంటుంది. 1941లో నీల్ మిల్లర్, జాన్ డొలార్డ్ అనుకరణను ప్రత్యేకంగా పరిశీలించినప్పటికీ, అనుకరించినందుకు ప్రతిఫలం దొరికితేనే ఆ అలవాటు స్థిరపడుతుందన్న చట్రంలోనే దాన్ని వివరించారు. ఈ లెక్క పూర్తిగా నిజమైతే, వాహనం నడపడం నేర్చుకునే ప్రతి ఒక్కరూ ప్రమాదాలు చేసి చేసి సరైన పద్ధతిని కనుగొనవలసి ఉంటుంది. నిజ జీవితంలో అలా జరగదు.

కెనడాలో 1925లో పుట్టి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆల్బర్ట్ బండూరా ఈ లోటును ప్రయోగాల ద్వారా చూపించారు. డొరొథియా రాస్, షీలా రాస్‌లతో కలిసి ఆయన 1961లో ప్రచురించిన ప్రయోగంలో, విశ్వవిద్యాలయపు శిశు పాఠశాలకు చెందిన 72 మంది పిల్లలు పాల్గొన్నారు. వారిలో 24 మంది ఎదుట ఒక పెద్ద మనిషి గాలి నింపిన బోబో బొమ్మను సుత్తితో కొట్టి, తన్ని, మీద కూర్చుని గుద్ది, కొన్ని ప్రత్యేకమైన మాటలు కూడా అన్నాడు. మరో 24 మంది ఎదుట పెద్దవారు బొమ్మ జోలికి పోకుండా తమ పని చేసుకున్నారు. మిగిలిన 24 మంది ఎవరినీ చూడలేదు. తర్వాత పిల్లలను విడివిడిగా ఆ బొమ్మ ఉన్న గదిలోకి పంపినప్పుడు, దాడిని చూసిన పిల్లలలో చాలామంది అవే చేతలను, అవే మాటలను తిరిగి చేసి చూపారు. ఎవరూ వారికి నేర్పలేదు, చేసినందుకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. కొట్టడానికే తయారైన బొమ్మను కొట్టడాన్ని నిజమైన హింసగా ఎంతవరకు లెక్కించవచ్చునన్న విమర్శ ఈ ప్రయోగం మీద ఉంది. ఆ విమర్శలో బలం ఉందనే నేను భావిస్తాను. చూసినది నేర్చుకుంటారన్న మూల విషయాన్ని మాత్రం అది కదిలించదు.

మన పనికి ఇంతకన్నా ముఖ్యమైనది 1965లో బండూరా ప్రచురించిన మరో ప్రయోగం. అందులో పిల్లలు చూసిన చిత్రానికి మూడు ముగింపులు ఉన్నాయి: బొమ్మను కొట్టిన వ్యక్తికి ఒకదానిలో మెప్పు, రెండవదానిలో శిక్ష దక్కుతాయి, మూడవదానిలో ఏమీ జరగదు. శిక్ష పడటం చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. ఇక్కడితో ఆగితే వారు తక్కువ నేర్చుకున్నారని అనుకోవలసి వచ్చేది. అయితే ఆ వ్యక్తి చేసినవి చేసి చూపితే పండ్లరసం, బొమ్మల స్టిక్కర్లు ఇస్తామని చెప్పగానే మూడు వర్గాల పిల్లల మధ్య తేడా చెరిగిపోయింది. అందరూ సమానంగా నేర్చుకున్నారు. కొందరు బయటపెట్టలేదు, అంతే.

నేర్చుకోవడానికీ చేసి చూపడానికీ మధ్య ఉన్న ఈ తేడాను మనసులో ఉంచుకుంటేనే ఇక చెప్పబోయే మెట్లు అర్థవంతమవుతాయి. పరిశీలన ద్వారా జరిగే అభ్యసనంలో నాలుగు ప్రక్రియలు ఉంటాయని బండూరా వివరించారు: గమనించడమనే అవధానం, గుర్తుంచుకోవడమనే ధారణ, శరీరంతోనూ మాటతోనూ తిరిగి చేయడమనే పునరుత్పాదన, చేయాలనిపించడమనే ప్రేరణ. ఎంతో చూసినా ఏమీ రాలేదని బాధపడేవారికి నిజానికి ఈ నాలుగింటిలో ఏదో ఒకచోట మాత్రమే గండి పడి ఉంటుంది, ఆ చోటు ఏదో తెలియక అన్నింటినీ మొదటి నుంచి మొదలుపెట్టి అలసిపోతుంటారు.

మొదటి మెట్టు: కావలసిన ప్రవర్తనను కంటికి కనిపించే మాటల్లో రాసుకోవాలి

“ఓర్పు నేర్చుకోవాలి” అని రాసుకుంటే దాన్ని ఎవరిలోనూ చూడలేము, ఎందుకంటే ఓర్పు అనేది కంటికి కనిపించే చేత కాదు. “ఎదుటి మనిషి అరుస్తున్నప్పుడు మధ్యలో అడ్డుపడకుండా చివరి వరకు విని, ఆ తర్వాత తక్కువ స్వరంతో మొదటి ప్రశ్న అడగాలి” అని రాసుకుంటే, ఫలానా వ్యక్తి అది చేస్తున్నాడో లేదో చూసి చెప్పవచ్చు. ప్రవర్తనతో పాటు అది ఏ సందర్భంలో కావాలో కూడా రాసుకోవాలి. ఫోనులో కోపాన్ని తట్టుకోవడం, ఎదురుగా నిలబడిన మనిషి కోపాన్ని తట్టుకోవడం వేర్వేరు పనులు. ఒకదానిలో ఆరితేరినవారు రెండవదానిలో తేలిపోవచ్చు.

రెండవ మెట్టు: ఎవరిని చూడాలో నిర్ణయించుకోవాలి

మనసును దాని దారిన వదిలేస్తే అది పేరున్నవారిని, అధికారం ఉన్నవారిని, అందరూ మెచ్చుకునేవారిని చూస్తుంది. ఈ మొగ్గు ఊరకనే రాలేదు; నలుగురూ గౌరవించే మనిషికి ఏదో తెలిసే ఉంటుందని అనుకోవడం చాలా సందర్భాల్లో తప్పు కాదు. చిక్కేమిటంటే ఆ వ్యక్తి విజయానికి ఏ లక్షణం కారణమో బయటి నుంచి తెలియదు గనుక, కారణమైన దానితో పాటు ఏ సంబంధమూ లేని మాటతీరు, నడక, విసుగు, కటువుతనం కూడా మూటగా వచ్చేస్తాయి. పై అధికారి కసురుకోవడం వల్లే పనులు జరుగుతున్నాయని పొరబడి కసురుకోవడం నేర్చుకున్న చిన్న ఉద్యోగులు ప్రతి కార్యాలయంలోనూ ఉంటారు.

నమూనాగా ఎంచుకునే మనిషి విషయంలో మూడు అంశాలు చూడాలి. మొదటిది, మీరు రాసుకున్న ఆ ఒక్క ప్రవర్తన అతనిలో నిలకడగా కనిపించాలి; మిగతా జీవితం ఎలా ఉన్నా మనకు అనవసరం. రెండవది, అతను పనిచేసే పరిస్థితి మీ పరిస్థితికి దగ్గరగా ఉండాలి. సంస్థ యజమాని కోపిష్ఠిని శాంతపరచగలుగుతున్నాడంటే, అప్పటికప్పుడు డబ్బు వెనక్కి ఇచ్చే అధికారం అతని చేతిలో ఉండటం కూడా కారణం కావచ్చు. ఆ అధికారం లేని ఉద్యోగి అవే మాటలు వల్లించినా ఫలితం రాదు. మూడవది, అతను మీకంటే ఎంత ఎత్తులో ఉన్నాడన్నది.

ఈ మూడవ అంశాన్ని చాలామంది తలకిందులుగా పట్టుకుంటారు. అందరికన్నా గొప్ప నిపుణుణ్ణి చూస్తే అంత బాగా నేర్చుకోవచ్చునని భావిస్తారు గానీ, నిపుణుడి చేతిలో పని ఎంతగా సాఫీ అయిపోయి ఉంటుందంటే, అందులోని నిర్ణయాలు చూసేవారికి కనిపించవు. తడబడుతూ, తప్పును సరిదిద్దుకుంటూ, క్రమంగా కుదురుకునే వ్యక్తిని చూసినప్పుడు ఎక్కడ జారవచ్చో, జారితే ఎలా లేవాలో కూడా తెలుస్తుంది. 1987లో డేల్ షంక్, ఆయన సహచరులు గణితంలో వెనుకబడిన పిల్లలతో చేసిన ప్రయోగాల్లో, మొదట తడబడి తర్వాత గట్టెక్కిన తోటి పిల్లవాణ్ణి చూసినవారు, మొదటి నుంచీ తప్పు లేకుండా చేసిన ఒక్క పిల్లవాణ్ణి చూసినవారికన్నా ఎక్కువ మేలు పొందారు. తప్పు చేయని పిల్లలనే అయినా ఒకరికి బదులు పలువురిని చూపినప్పుడు ఈ తేడా పోయింది. దీన్నిబట్టి నేను సూచించేది ఇది: పనిని పూర్తిగా ఎరిగిన ఒకరిని, మీకంటే కొద్దిగా ముందున్న మరొకరిని, వీలైతే ఇంకొకరిని కలిపి చూడాలి. నిపుణుణ్ణి చూస్తే గమ్యం తెలుస్తుంది, మీకు కాస్త ముందున్నవారిని చూస్తే దారి తెలుస్తుంది. పలువురిలోనూ ఉమ్మడిగా కనిపించేదే అసలు విషయమని, ఒక్కరిలోనే కనిపించేది వారి సొంత అలవాటని కూడా పోల్చుకోవచ్చు.

మూడవ మెట్టు: ప్రశ్నతో చూడాలి

కళ్లెదుట జరిగినదంతా గమనించామని అనుకోవడం సహజమే అయినా, దేన్ని చూడాలో ముందే తెలియని కన్ను కదిలేదాన్ని, చప్పుడు చేసేదాన్ని, కొత్తగా ఉన్నదాన్ని మాత్రమే పట్టుకుంటుంది. అందుకే ఒకే సంఘటనను, లేదా ఒకే తరహా సంఘటనలను, వేర్వేరు ప్రశ్నలతో పలుమార్లు చూడటం మేలు. వీడియో దొరికితే పని తేలిక. దొరకకపోతే ఒకే వ్యక్తిని వేర్వేరు రోజుల్లో గమనించాలి. రహస్యంగా కాకుండా, “మీరు ఇలాంటివారితో మాట్లాడే తీరు నేర్చుకోవాలనుకుంటున్నాను, పక్కన కూర్చోవచ్చా?” అని అడగడమే మర్యాద, పైగా అలా అడిగితే తర్వాత సందేహాలు తీర్చుకునే వీలు కూడా కలుగుతుంది.

మొదటిసారి చూసేటప్పుడు ఏమీ రాయకుండా, పని మొత్తం ఏ మలుపులు తిరిగిందో మాత్రమే చూడాలి. రెండవసారి చేతలను వరుసగా చూడాలి: కోపంగా వచ్చిన మనిషి మాట్లాడుతున్నంతసేపు ఇతని చేతులు ఏం చేస్తున్నాయి, చూపు ఎక్కడ ఉంది, మొదటి మాట ఎన్ని క్షణాల తర్వాత వచ్చింది, ఆ మాట ప్రశ్నా, క్షమాపణా, వివరణా? మూడవసారి దృష్టిని పూర్తిగా తిప్పి, నమూనా వ్యక్తిని వదిలేసి ఎదుటి మనిషిని చూడాలి. ఈ మూడవ చూపును చాలామంది వదిలేస్తారు, అసలు నేర్పు దొరికేది మాత్రం ఇక్కడే, ఎందుకంటే నిపుణుడు ప్రతిస్పందిస్తున్న సంకేతాలు ఎదుటి మనిషి ముఖంలో, గొంతులో ఉంటాయి. అతని గొంతు తగ్గిన క్షణంలోనే ఇతను మొదటి ప్రశ్న వేశాడని తెలిసినప్పుడు, ఏం చేయాలన్నదానితో పాటు ఎప్పుడు చేయాలన్నది కూడా చేతికి వస్తుంది.

ఇక్కడే మరో ప్రశ్న వేసుకోవాలి: ఈ చేతల్లో ఏది ఉద్దేశపూర్వకం, ఏది పరిస్థితి వల్ల జరిగినది? ఈ విచక్షణ మనకు పసితనం నుంచే ఉంది. గెర్గెయ్, బెకరింగ్, కిరాలీ అనే పరిశోధకులు 2002లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక పెద్ద మనిషి ముందుకు వంగి నుదుటితో దీపపు పెట్టెను తాకి వెలిగించడాన్ని 14 నెలల పిల్లలకు చూపించారు. ఆమె చేతులు ఖాళీగా ఉండి కూడా తలనే వాడినప్పుడు 69 శాతం పిల్లలు తర్వాత తమ తలతోనే వెలిగించారు. చలికి దుప్పటి కప్పుకుని చేతులతో దాన్ని పట్టుకుని ఉన్నప్పుడు తలతో చేసినవారు 21 శాతమే, మిగిలినవారు హాయిగా చేతినే వాడారు. చేతులు ఖాళీ లేవు కాబట్టి ఆమె తలను వాడిందని మాటలు రాని పిల్లలు గ్రహించినట్టే ప్రవర్తించారు.

అయితే కాస్త ఎదిగాక మనిషి పిల్లలలో ఇంకో ధోరణి బలపడుతుంది. విక్టోరియా హోర్నర్, ఆండ్రూ వైటెన్ 2005లో వెలువరించిన అధ్యయనంలో, లోపల బహుమతి ఉన్న పెట్టెను తెరవడానికి ముందు పైభాగంలో కర్రతో పొడవడం వంటి అనవసరపు చేతలను కూడా చూపించారు. పెట్టె పారదర్శకంగా ఉండి, ఆ చేతలకు ప్రయోజనం లేదని కళ్లకు కనిపిస్తున్నప్పుడు చింపాంజీలు వాటిని మానేసి నేరుగా బహుమతి తీసుకున్నాయి. మూడు, నాలుగు ఏళ్ల పిల్లలు మాత్రం అనవసరపు చేతలతో సహా అన్నీ చేశారు. ఇందులో పిల్లల తెలివితక్కువతనం ఏమీ లేదు. కారణం అర్థం కాని ఆచారాలు, పనిముట్లు, పద్ధతులు తరం నుంచి తరానికి చెక్కుచెదరకుండా అందడానికి ఇలాంటి నమ్మకమైన అనుకరణే తోడ్పడిందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. అయినా ఒక నైపుణ్యాన్ని ఎరిగి నేర్చుకునే పెద్దలు ఈ ధోరణిని గమనించుకోవాలి. నా సలహా ఏమిటంటే, తొలి దశలో అర్థం కాని చేతను తీసిపారేయకుండా అలాగే ఉంచుకుని, దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టుకోవాలి. అవకాశం దొరికినప్పుడు ఆ వ్యక్తినే అడగాలి. కొన్నిసార్లు “అది ఊరికే అలవాటు” అన్న జవాబు వస్తుంది, అప్పుడు నిశ్చింతగా వదిలేయవచ్చు.

నాలుగవ మెట్టు: చూసినదాన్ని మాటల్లోకి మార్చుకోవాలి

చూస్తున్నంతసేపు అంతా స్పష్టంగా ఉండి, మర్నాటికి మసకబారిపోవడం అందరి అనుభవమే. బండూరా, జోన్ గ్రూసెక్, ఫ్రాన్సిస్ మెన్‌లవ్ 1966లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయంలో చాలా విలువైనది. పిల్లలు ఒక చిత్రం చూస్తున్నప్పుడు కొందరిని అందులోని వ్యక్తి చేతలను తమ మాటల్లో చెబుతూ చూడమన్నారు, కొందరిని ఊరికే చూడమన్నారు, మరికొందరిని అంకెలు లెక్కపెడుతూ చూడమన్నారు. తర్వాత చేసి చూపమన్నప్పుడు మాటల్లో చెప్పుకుంటూ చూసినవారు అందరికన్నా ఎక్కువ చేతలను తిరిగి చేయగలిగారు, లెక్కపెట్టినవారు అందరికన్నా వెనుకబడ్డారు. కళ్లు అందరివీ తెర మీదే ఉన్నాయి. మాటలకు తీరిక దొరకని మనసు మాత్రం చూసినదాన్ని దాచుకోలేకపోయింది. ఫోనులో సందేశాలు చదువుతూ శిక్షణ వీడియో చూసేవారి పరిస్థితి సరిగ్గా ఈ మూడవ వర్గం పిల్లలదే.

కాబట్టి పరిశీలన ముగిసిన వెంటనే, మళ్లీ చూడకుండా, జరిగినదాన్ని మూడు నుంచి ఆరు వరకు అంచెలుగా విడగొట్టి, ప్రతి అంచెకు ఒక పొట్టి పేరు పెట్టాలి. మన ఉదాహరణలో అవి “ఆగు, విను, తిరిగి చెప్పు, ఒకటే అడుగు, గడువు చెప్పు” అని ఉండవచ్చు. పేరు మీ సొంత మాటల్లో ఉండాలి. శిక్షణ పత్రంలోని పెద్ద పెద్ద పదాలు ఒత్తిడి సమయంలో నోటికి రావు. ఆ తర్వాత రాసుకున్నదాన్ని అసలుతో పోల్చి, జారిపోయినవాటిని చేర్చుకోవాలి. ముందు గుర్తుతెచ్చుకుని ఆ తర్వాతే పోల్చుకోవడం ముఖ్యం, ఎందుకంటే గుర్తుతెచ్చుకునే ప్రయత్నమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. అదే పనిగా మళ్లీ మళ్లీ చూడటం వల్ల తెలిసినట్టు అనిపిస్తుందే తప్ప అంత గట్టిదనం రాదు.

చేసే అవకాశం వెంటనే లేనప్పుడు మనసులోనే నడిపించి చూసుకోవడం ఉపయోగపడుతుంది. అయితే నమూనా వ్యక్తి చేస్తున్నట్టుగా కాకుండా, మీ బల్ల దగ్గర, మీ గొంతుతో, మీ ఎదుట ఉన్న మనిషితో మీరే మాట్లాడుతున్నట్టు ఊహించుకోవాలి. ఎదుటి మనిషి మీరు అనుకున్నట్టు తగ్గకుండా ఇంకా రెచ్చిపోయినట్టు కూడా ఒకసారి ఊహించుకోవడం మంచిది.

ఐదవ మెట్టు: త్వరగా, చిన్న ముక్కలుగా చేసి చూడాలి

ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే కనుక ఈ మెట్టు దగ్గర కాసేపు నిలబడదాం. మైకేల్ కార్డస్, ఎడ్ ఓబ్రయన్ 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాత్రలు కదలకుండా బల్ల మీది గుడ్డను లాగేయడం, లక్ష్యం మీదికి డార్ట్ విసరడం వంటి విద్యల వీడియోలను కొందరు ఒక్కసారి, కొందరు 20 సార్లు చూశారు. ఎక్కువసార్లు చూసినవారికి తాము బాగా చేయగలమన్న నమ్మకం పెరిగింది. తీరా చేయించి చూస్తే వారి పనితనం ఏమీ మెరుగుపడలేదు. గాలిలోకి ఎగరేసి పట్టుకునే గారడీ వీడియో చూసినవారికి ఆ వస్తువులను కాసేపు చేత్తో పట్టుకోనివ్వగానే, వాటి బరువు, ఆకారం తెలిసి, ఆ పొంగిన నమ్మకం దిగిపోయింది. ఎవరో వండుతుంటే చూసి వంట వచ్చిందనుకున్నట్టే ఉంటుంది వీడియోలు చూసి నైపుణ్యం వచ్చిందనుకోవడం: చేయి పెడితేనే లోటు బయటపడుతుంది.

దీన్నుంచి ఆచరణకు తీసుకోవలసిన నియమం సరళమైనది. మొదటి పరిశీలన తర్వాత, ఇంకా రెండోసారి చూడాలనిపిస్తున్నప్పుడే, ఒకసారి చేసి చూడాలి. ఆ ప్రయత్నం దాదాపు తప్పకుండా చెడుతుంది, అయినా దానివల్ల కలిగే లాభం పెద్దది: తిరిగి చూడటానికి కూర్చున్నప్పుడు మీకు నిజమైన ప్రశ్నలు ఉంటాయి. “చివరి వరకు వినాలి” అన్నది తేలికగానే కనిపిస్తుంది. ఒక స్నేహితుడు కోపం నటిస్తూ నిజంగా అరిచినప్పుడు గానీ, మన మీద అన్యాయమైన మాట పడగానే నోరు దానంతటదే తెరుచుకుంటుందని తెలియదు. అప్పుడు మళ్లీ నమూనా వ్యక్తి దగ్గరికి వెళ్లి, సరిగ్గా ఆ క్షణంలో అతను ఏం చేస్తున్నాడో చూస్తే, కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడని, రాసుకునే పని వల్లే నోరు అదుపులో ఉందని కనిపించవచ్చు. మొదటి చూపులో ఆ రాత కళ్లబడినా దానికి విలువ తెలియదు.

అభ్యాసంలో ఒక్కో అంచెను విడిగా సాధన చేసి, తర్వాత పక్క అంచెతో కలపాలి. మీ ప్రయత్నాన్ని రికార్డు చేసి, నమూనా వ్యక్తి చేసిన తీరుతో పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి సిగ్గుపడకూడదు, ఎందుకంటే మన ముఖం, మన గొంతు మనకు లోపలి నుంచి ఒకలా, బయటి నుంచి ఇంకోలా ఉంటాయి. రికార్డులో బాగా వచ్చిన భాగాలను మాత్రమే కూర్చి మళ్లీ చూసుకునే పద్ధతి కూడా ఉంది. అందులో మనకు మనమే నమూనా. ఆత్మవిశ్వాసం సన్నగిల్లినవారికి ఇది ప్రత్యేకంగా మేలు చేస్తుంది. శారీరక సామర్థ్యం చాలని పనుల్లో మాత్రం పరిశీలన ఎంత బాగున్నా ఫలితం ఆలస్యమవుతుంది. ముందు బలాన్ని, శరీరం వంగే గుణాన్ని, శ్వాస మీద అదుపును సాధించుకోవాలి.

ఆరవ మెట్టు: చేయాలనిపించేలా చూసుకోవాలి

ప్రేరణ మూడు వైపుల నుంచి వస్తుంది: మనకు నేరుగా దక్కిన ఫలితం, ఇతరులకు దక్కగా చూసిన ఫలితం, మన కొలతలో మనకు కలిగిన తృప్తి. కొత్త ప్రవర్తనను మొదటిసారి ప్రయత్నించే చోటును ఎంచుకునేటప్పుడు దీన్ని పట్టించుకోవాలి. నెమ్మదిగా మాట్లాడేవారిని చేతకానివారిగా చూసే బృందంలో, ఎంత చక్కగా నేర్చుకున్న నెమ్మదితనమైనా బయటికి రాదు. నేర్చుకున్నది లోపలే ఉండిపోతుంది. తొలి ప్రయత్నాలు మెచ్చుకునేవారి మధ్య జరిగేలా చూసుకోవాలి.

భయం అడ్డుపడే చోట చూడటం ఒక్కటే చాలదు. కుక్కలంటే బెదిరే చిన్న పిల్లలకు, తోటి పిల్లవాడు విడతల వారీగా కుక్కకు దగ్గరవుతూ ఆడుకోవడాన్ని చూపినప్పుడు భయం తగ్గిందని బండూరా బృందం 1967లో నివేదించింది. 1969లో పాముల భయం ఉన్నవారితో చేసిన అధ్యయనంలో, చిత్రం చూడటం కన్నా, ఎదుట ఒకరు చేసి చూపుతూ, పక్కనుండి అంచెలంచెలుగా చేయిస్తూ నడిపించిన పద్ధతి బాగా పనిచేసింది. వేదిక మీద మాట్లాడటానికి భయపడేవారు గొప్ప వక్తల ప్రసంగాలు చూస్తూ కూర్చునే బదులు, తమతో పాటు వేదిక ఎక్కి పక్కన నిలబడే ఒక మనిషిని వెతుక్కోవాలి. భయం తీవ్రమైనదై రోజువారీ జీవితాన్నే కుంటుపరుస్తుంటే మానసిక నిపుణుల సాయం తీసుకోవాలి.

ఏడవ మెట్టు: మిమ్మల్ని ఇతరులు చూస్తున్నప్పుడు

తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు అతి ముఖ్యమైన విషయం మాటకూ చేతకూ మధ్య పొంతన. జేమ్స్ బ్రయన్, నాన్సీ వాల్‌బెక్ 1970లో ప్రచురించిన పరిశోధనలో, దానం చేయాలని చెబుతూ తాను మాత్రం చేయని పెద్దవారిని చూసిన పిల్లలు, చేత విషయంలో ఆ పెద్దవారి చేతనే అనుసరించారు. పిల్లలు ఉపదేశాన్ని వినరని దీనికి అర్థం కాదు. వింటారు, మరొకరికి అదే ఉపదేశాన్ని చెప్పడం కూడా నేర్చుకుంటారు. చెప్పడం ఒక ప్రవర్తన, చేయడం మరో ప్రవర్తన, రెండింటినీ వేర్వేరుగా నేర్చుకుంటారు.

రెండవ విషయం, లోపల జరిగేదాన్ని పైకి వినిపించడం. చూసేవారికి మీ చేత కనిపిస్తుంది గానీ మీ నిర్ణయం కనిపించదు. కొత్త ఉద్యోగి పక్కన ఉన్నప్పుడు, కోపంగా వచ్చిన మనిషి వెళ్లిపోయాక, “అతను రెండోసారి అదే మాట అన్నాడు కాబట్టి మొదటిసారి మనం విన్నట్టు అతనికి అనిపించలేదని తెలిసింది, అందుకే అతని మాటనే తిరిగి చెప్పాను” అని ఒక్క వాక్యం చెబితే, పదిసార్లు చూసినా దొరకనిది దొరుకుతుంది. అదే విధంగా మీ తడబాటును పూర్తిగా దాచకూడదు. లియొనార్డ్, లీ, షుల్జ్ 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక పెద్ద మనిషి డబ్బాలోంచి బొమ్మను బయటికి తీయడానికి కష్టపడి చివరికి సాధించడాన్ని చూసిన దాదాపు 15 నెలల పిల్లలు, సునాయాసంగా చేయడాన్ని చూసిన పిల్లలకన్నా, తమకిచ్చిన వేరే బొమ్మతో ఎక్కువసార్లు ప్రయత్నించారు. పట్టుదల కూడా చూసి నేర్చుకునేదే. ఇంట్లో ప్రతి పనినీ పిల్లలు నిద్రపోయాక చక్కబెట్టి ఉంచే తల్లిదండ్రులు, పని వెనుక ఉన్న ప్రయాసను చూసే అవకాశం వారికి లేకుండా చేస్తున్నారు.

మూడవది, తప్పు చేసినవారికి జరిగేదాన్ని కూడా చుట్టూ ఉన్నవారు చూస్తారు. నిజం చెప్పినవారికి చీవాట్లు పడటం చూసిన తరగతి, లేదా బృందం, నిజం చెప్పడం ఎలాగో మరచిపోదు. బయటికి మాత్రం చెప్పదు. 1965 నాటి ప్రయోగంలోని పిల్లల స్థితే వారిది.

ఎనిమిదవ మెట్టు: కోరకుండా అంటుకున్నవాటిని ఏరివేయడం

తాన్యా చార్ట్రాండ్, జాన్ బార్గ్ 1999లో చూపినట్టు, పక్కన కూర్చున్న అపరిచితుడు కాలు ఊపుతుంటే మనమూ ఊపుతాము, ముఖం రుద్దుకుంటుంటే మనమూ రుద్దుకుంటాము, పైగా ఆ సంగతి మనకు తెలియదు. భయాలు కూడా ఇలాగే పాకుతాయి. ప్రయోగశాలలో పెరిగి పాములకు భయపడని రీసస్ కోతులు, భయపడే కోతులను చూసి పాముల భయాన్ని నేర్చుకున్నాయని సుసాన్ మినెకా బృందం 1980లలో నిరూపించింది. కాబట్టి ఏదైనా కొత్త చోట కొన్ని నెలలు గడిపిన తర్వాత ఒక లెక్క చూసుకోవడం అవసరం. అక్కడికి రాకముందు లేని మాటలు, సైగలు, చిరాకులు, భయాలు ఏవి వచ్చాయి? పాత స్నేహితులను అడిగితే మనకన్నా త్వరగా చెబుతారు. ప్రతిదానికీ ఎదుట అది ఎవరిలో మొదట చూశామో రాసుకోవాలి. మూలం తెలిసిన అలవాటు మీద పట్టు దొరుకుతుంది.

ఇలాంటి అలవాటును ఒట్టి సంకల్పంతో అణచడం కష్టం, ఎందుకంటే దాన్ని రెచ్చగొట్టే నమూనా రోజూ ఎదుటే ఉంటుంది. అదే సందర్భంలో వేరే విధంగా ప్రవర్తించే ఒకరిని వెతికి, మొదటి మెట్టు నుంచి ఈ క్రమాన్నే మళ్లీ నడపాలి. వీలైతే కూర్చునే చోటును, కలిసి తినేవారిని, రోజూ చూసే వీడియోలను మార్చుకోవాలి.

నమూనాను ఎప్పుడు వదలాలన్నది మిగిలిన ప్రశ్న. ఇతరులను మెప్పించేంతగా ఒకరిని అచ్చు దించగలగడం దానికి గుర్తు కాదు. నమూనా వ్యక్తికి ఎప్పుడూ ఎదురుకాని పరిస్థితి మీకు ఎదురైనప్పుడు, ఉదాహరణకు మీ ఎదుట ఉన్న కోపిష్ఠికి మీ భాష సరిగా రానప్పుడు, “తిరిగి చెప్పు” అన్న అంచెను మాటలకు బదులు కాగితం మీద గీసి చూపగలిగితే, ఆ అంచె ఎందుకు ఉందో మీకు తెలిసినట్టే. అప్పటి నుంచి ఆ వ్యక్తిని రోజూ చూడవలసిన పని లేదు. పని చెడిన రోజున మాత్రం, చెడిన ఆ ఒక్క అంచె కోసం, వెళ్లి చూసి రావచ్చు.